అరుగు మీద చోటు

పక్కింటివాళ్ళు గోడలకు వెల్ల వేయిస్తున్నారు. రంగుల డబ్బాలు వచ్చాక సున్నం ఉడకబెట్టేవాళ్ళే కనబడటం లేదు కానీ, ఆ ఇంటి పెద్దాయన పట్టుబట్టి పిడుగురాళ్ల సున్నమే తెప్పించాడు. పొద్దున రాళ్ళ మీద నీళ్ళు పోయగానే పొగ లేచి, ఆ ఘాటు మా వరండాలోకి వచ్చింది. కోడలు తలుపులు మూసింది. నేను అక్కడే కూర్చుని దీవెనమ్మ టీచర్ని తలుచుకున్నాను. తలుచుకున్నానంటే ప్రేమగా అనుకునేరు. సిగ్గుతో.

మాచర్ల పాత బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. నాగార్జునసాగర్ పనులు మొదలైన కొత్తలో డ్యాముకు పోయే జనమంతా స్టేషనులో దిగి అక్కడే బస్సెక్కేవారు. కొత్త కొట్లన్నీ అటే వెలిశాయి, వారం వారం జరిగే సంత కూడా అటే తరలిపోయింది. మా బజారులో మురుగు కాలవ పూడిపోయి, వాన పడితే మోకాటి లోతు బురద. సగం కొట్లకు తాళాలు. మేము అరుగుల మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ స్టేషనువాళ్ళను తిట్టుకునేవాళ్ళం. అంతకు మించి ఏమీ చేయలేదు.

దీవెనమ్మ టీచర్ నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పింది. నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చి కొట్టు చూసుకుంటున్నా బళ్ళో పిల్లాణ్ణి పిలిచినట్టే పిలిచేది. బట్ట కొనడానికి వస్తే మాత్రం కింద, ఎండలో నిలబడేది. క్రైస్తవపేటవాళ్ళు బజారు అరుగులు ఎక్కకూడదు. ఎవరు పెట్టారో తెలియని ఆచారం. చదువు చెప్పిన మనిషికి కూడా మినహాయింపు లేదు. నేను బట్ట తాను విప్పి పైనుంచే చూపించేవాణ్ణి. అది తప్పని నాకప్పటికి తట్టనేలేదు.

ఒకరోజు ఆమె రవికగుడ్డ చూస్తూ చూస్తూ అంది.

"ఒరే సుబ్బారావూ, మీ బజారు చస్తా ఉంది. తెలుస్తా ఉందా మీకు?"

"తెలియకేం టీచరమ్మా. ఏం చేస్తాం?"

"మీకు కొట్లున్నాయి, మా పేటలో చేతులున్నాయి. కాలవ తీస్తాం, గుంటలు పూడుస్తాం, బజారంతా సున్నం కొడతాం. కూలి వద్దు. సంత మళ్ళీ ఇక్కడికొస్తే మా ఆడోళ్ళ కూరగాయల గంపలు, మా పేట ఏసోబు చెప్పులు కుట్టే పని, ఈ అరుగుల మీద నీడన ఉండాల. అంతే."

ఇత్తడి సామాన్ల కొట్టు కోటయ్య బాబాయి మా బజారుకు పెద్ద. నేను టీచర్ని ఆయన దగ్గరికి తీసుకెళితే, ఖాళీ బజారు వంక చాలాసేపు చూసి, "దానికేం భాగ్యం టీచరమ్మా, మాట ఇస్తన్నాం" అన్నాడు. కమిటీ వేసి నన్ను సెక్రటరీని చేశారు.

నాలుగు ఆదివారాలు పని జరిగింది. చర్చి కాగానే పేట మొత్తం పారలతో, గంపలతో దిగేది. ఏసోబు అందరికంటే ముందు కాలవలో ఉండేవాడు. రెండో ఆదివారం నేనూ పంచె ఎగ్గట్టి దిగాను. మా నాన్న "ఏందిరా ఈ పని, నలుగురూ నవ్వరా?" అని అరిచి, మధ్యాహ్నానికి తనే మజ్జిగ కుండ తెచ్చాడు. సున్నం కలుపుతున్న టీచర్ సున్నం అంటిన నా చేతులు చూసి, "కొబ్బరినూనె రాసుకో, చానా మండుతయ్" అంది. ఆమె చేతులు అప్పటికే పగిలి ఎర్రగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నేను అంత సంతోషంగా ఉన్న రోజులు నా జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సంత తిరిగొచ్చింది. తెల్లటి గోడల మధ్య బండ్లు బారులు తీరాయి. ఏసోబు మా అరుగు మీద ఓ మూల కూర్చునేవాడు. చెప్పులు కుట్టేలోపు ఊరికే నిలబడలేక జనం మా కొట్లోకి వచ్చి బట్టలు చూసేవాళ్ళు. ఒక సంతరోజు టీచర్ మొదటిసారి మెట్లెక్కి వచ్చింది. చాప మీద కూర్చుని, బట్ట తాను ఒళ్ళోకి లాక్కుని చేత్తో తడిమి చూసింది. "మంచి బట్టేరా" అంది, ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరే కొంటున్న మనిషి.

బేరాలు పుంజుకున్నాక మావాళ్ళకు ఆచారం గుర్తొచ్చింది. పెద్దింటి ఆడవాళ్ళు మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతున్నారని ఒకరు, అరుగులు పాడవుతున్నాయని ఇంకొకరు. చివరికి కోటయ్య బాబాయి తేల్చేశాడు. "పని అయిపోయిందిగా. ఇంక వాళ్ళను కాలవ అవతల కూకోమను. సెక్రటరీవి నువ్వే, కాగితం రాయి."

మాట ఇచ్చాం కదా బాబాయ్, అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, బజారు పెద్దలతో తగువెందుకు అనుకున్నాను. 'పారిశుద్ధ్యం దృష్ట్యా' అని మొదలుపెట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, బజారు మొగదల అంటించాను.

మర్నాడు టీచర్ వచ్చింది. మెట్లెక్కలేదు. వెనకటిలాగే కింద, ఎండలో నిలబడింది.

"ఆ కాగితం నువ్వు రాసిందేగా?"

"కమిటీవాళ్ళు రాయమన్నారు టీచరమ్మా."

"ఎవరు రాయమన్నారని అడగలా. నువ్వు రాసిందేనా అంటన్నా."

"అవును."

"ఆ అక్షరాలు దిద్దించింది నేనే. చూడంగానే తెలిసింది. మావాళ్ళు మిమ్మల్ని చూసి రాలేదురా, నన్ను చూసి వచ్చారు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాల నేను?" అంది. ఆమె గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

గంపల ఆడవాళ్ళు కాలవ అవతల కూర్చోలేదు. నేరుగా స్టేషను దగ్గరికే పోయారు. కూరగాయల వెనకే సంత, సంత వెనకే జనం. ఏడాది తిరక్కుండా మేము మళ్ళీ ఈగలు తోలుకున్నాం. కోటయ్య బాబాయి బతికినన్నాళ్ళూ స్టేషనువాళ్ళనే తిట్టాడు. మాకు తగిన శాస్తి జరిగిందని సరిపెట్టుకుందామంటే, ఆమెకు జరిగిన నష్టం అలాగే ఉండిపోయింది. ఊరికే చాకిరీకి తోలిందని పేటలో ఆమెనే అన్నారు. ఆమె మళ్ళీ ఏ పనికీ ఎవర్నీ పిలవలేదు. బడి, చర్చి, ఇల్లు, అంతే.

కొన్నేళ్ళకు ఆమె పోయిందని తెలిసి పేటకు వెళ్ళాను. అంతకు ముందు ఆ వీధిలో అడుగు పెట్టి ఎరగను. ఆమె ఇంటి ముందు చిన్న అరుగు, దాని మీద నలుగురైదుగురు ముసలివాళ్ళు. ఎక్కడ నిలబడాలో తెలియక వీధిలోనే ఆగిపోయాను. ఏసోబు నన్ను చూసి లేచాడు. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి, తుండుగుడ్డతో దులిపి అరుగు మీద వేశాడు.

"ఎండలో నిలబడ్డారేంది బాబూ, పైకి రాండి" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ముసలివాళ్ళు నాకు చోటిచ్చి కిందికి దిగి నిలబడ్డారు. వద్దు, మీరు కూర్చోండి, అనాలి. అనలేదు. కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.