డూప్లికేటు విమానం

మొన్న అమలాపురంలో మా డాబా మీది వాటర్ ట్యాంకుకి కొత్త పైపులు వేయించాను. ప్లంబరు చిన్న డబ్బా మూత తీసి పైపు అంచులకి గమ్ము రాస్తుంటే, ఆ ఘాటు వాసన మెట్ల మీదుగా వంటింట్లోకి దిగింది. పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఏడుపేమీ రాలేదు. తాటిపాక దగ్గర మా పెంకుటిల్లు, దాని వీధరుగు, అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న మా నాన్న వరసగా గుర్తొచ్చాయి, అంతే.

నాన్న కువైట్‌లో ఒక పెద్దింటివాళ్ళ దగ్గర డ్రైవరు. రెండేళ్ళకోసారి, గోదావరి ఎర్రనీళ్ళు కాలవల్లోకి దిగే రోజుల్లో వచ్చి, వినాయక చవితి వెళ్ళాక తిరిగి వెళ్ళిపోయేవాడు. అందుకని చిన్నప్పుడు నాకు నాన్న అంటే వానాకాలం. తడిసిన కొబ్బరాకుల వాసన, నిప్పుల మీద కాలే తాటిరొట్టె, చవితినాడు పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, ఆరని బట్టల కోసం వసారాలో అడ్డంగా కట్టిన తాళ్ళు, ఆ తాళ్ళ కింద తల వంచుకుని నడిచే పొడుగాటి నాన్న.

ఆయన తెచ్చే అట్టపెట్టెలోంచి సబ్బులు, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు అన్నీ తీసేశాక అడుగున నాకోసం ఇంకో పెట్టె ఉండేది. నా ఏడో ఏట వచ్చిన మొదటి పెట్టె మీద, నురగలు చిమ్మే సముద్రంలో ఒక పక్కకి ఒరిగి వెళుతున్న ఓడ బొమ్మ ఉంది. నున్నటి గట్టి అట్ట. మూత ఎంత బిగువుగా ఉందంటే, ఎత్తుతుంటే లోపలి గాలి నెమ్మదిగా బయటికొచ్చింది. లోపల మాత్రం ఓడ లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి పిందెల్లా అంటుకుని ఉన్న వందల ముక్కలు, ఒక్కో చట్రానికి వేరే కవరు, ఒక్కో ముక్క పక్కన చీమతలంత అంకె, ఏ ముక్క ఎక్కడ అతకాలో బొమ్మలు వేసి చూపించిన మడతల కాగితం.

మా మామ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "విరిగిపోయింది అంటగట్టేరేంట్రా నీకు?" అంది.

"విరగలేదమ్మా. మనవే అతికించుకోవాలి."

"అయితే ఇన్నాళ్ళూ వాళ్ళేం చేసేరు?"

నాన్న నవ్వాడు. కువైట్‌లో తను పనిచేసే ఇంటి పిల్లవాడు కొనుక్కుని, మూత తీసి చూసి, విసుగొచ్చి పక్కన పడేస్తే అడిగి తెచ్చాడట. పెట్టెలో గమ్ము ఉండదు. అందుకని బోరు పైపులకి రాసే గమ్ము తెచ్చి, చీపురుపుల్ల కొసకి అద్దుకుని, ఊపిరి బిగబట్టి ముక్కల అంచులకి రాసేవాడు. ఒక బొట్టు ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగిపోతుంది. "ఆ కంపుకి అన్నం సయించట్లేదండీ" అని అమ్మ వంటింట్లోంచి అంటే, "రేపటితో అయిపోద్దిలే" అనేవాడు. ఆ రేపు నెల పైనే సాగేది. బడి నుంచి వస్తూనే సంచీ పడేసి, తడికాళ్ళతోనే అరుగెక్కి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. ఓడ రెండు సగాలూ కలిపిన రోజు నా వేలు పట్టుకుని అతుకు మీద గోరుతో గీయించాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"చూసేవా, వెంట్రుకంత సందు లేదు. మంచి సరుకు అలా ఉంటాది" అన్నాడు.

తర్వాతి సారి ఎర్రకారు, ఆ పై సారి రైలింజను వచ్చాయి. గోరుతో గీసి సరుకు తేల్చడం నాకు బాగా పట్టుబడింది.

నాకు పదమూడేళ్ళప్పుడు విమానం వచ్చింది. పెట్టె పల్చటి అట్ట, మూలలు నలిగిపోయి ఉన్నాయి. బొమ్మలో రంగులు గీతలు దాటి అలుక్కుపోయాయి. పైనున్న ఇంగ్లీషు మాటల్లో అక్షరాలు తప్పులు. చట్రాలన్నీ ఒకే కవరులో కుక్కేశారు. ప్రతి ముక్క అంచునా తోకల్లా అక్కర్లేని ప్లాస్టిక్ వేలాడుతోంది. విమానం రెండు సగాలూ దగ్గర పెడితే ఒకటి బియ్యపుగింజంత పొడుగుంది. గోరుతో గీశాను. మూడుచోట్ల ఆగింది.

"ఇది మంచిది కాదు నాన్నా. డూప్లికేటు" అన్నాను.

నాన్న అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆయ్, అలాగే ఉందమ్మా" అన్నాడు.

నేను పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ సెలవంతా ఆయన ఒక్కడే అరుగు మీద కూర్చుని బ్లేడుతో తోకలు కోసి, గరుకుకాగితంతో అంచులు రుద్ది, కుండీ చిల్లులకి పెట్టే లప్పంతో సందులు పూడ్చాడు. వాన లేని పూట ఆ రుద్దుడు చప్పుడు గదిలోకి వినిపించేది. ఒకరోజు, "ఓసారొచ్చి పట్టుకుంటావా అమ్మలూ, రెక్క జారిపోతంది" అని పిలిచాడు.

"చదువుకుంటున్నాను" అన్నాను. చదవడం లేదు. పుస్తకం తెరిచి ఉందంతే.

వెళ్ళేరోజు పొద్దున్న విమానం బీరువా మీద పెట్టి, "రంగేసేను, చూసేవా?" అన్నాడు. తల ఎత్తకుండానే "ఆయ్" అన్నాను. ఆ తర్వాత ఆయన పెట్టెలు తేలేదు. నేనూ అడగలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన మూడో ఏడు నాన్న పోయాడు. పెద్దకర్మకి అప్పనపల్లి నుంచి సత్తిబాబు గారని ఒకాయన వచ్చారు. కువైట్‌లో అదే ఇంట్లో వంట చేసేవారు, నాన్నతో ఒకే గదిలో ఉండేవారు. భోజనాలయ్యాక నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆ ఇంటబ్బాయి పెద్ద చదువుకి వేరే దేశం ఎళ్ళిపోయేడమ్మా. ఇంక ఇంట్లో పెట్టెల్లేవు. అమ్మలు ఎదురుచూస్తా ఉంటాదని, మీ నాన్న నాలుగు శుక్రవారాలు ఎండలో కొట్లంట తిరిగేడు. నన్నూ తిప్పేడు. ఓడ పెట్టిలాంటిది కావాలంటాడు, అది దొరకదు. ఆఖరికి ఆ విమానం దొరికింది. మీ నాన్న సొంతంగా కొన్నది అదొక్కటే" అని ఆగి, "నచ్చిందామ్మా నీకు?" అన్నారు.

"ఆయ్, నచ్చింది బాబాయ్ గారూ" అన్నాను. కాఫీ గ్లాసు అందించాను. లోపలికి వెళ్ళి మిగిలినవాళ్ళకి కూడా కాఫీ కలిపాను.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. అరుగు ఉన్నచోటుకి రోడ్డు జరిగింది. కువైట్ నుంచి ఎవరొచ్చినా అట్టపెట్టె చుట్టూ ఇల్లంతా మూగడం లేదు, అక్కడ దొరికేవన్నీ ఇక్కడికే కొరియర్లో వస్తున్నాయి. ఓడని బడిలో ప్రదర్శనకి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. ఇల్లు విప్పినరోజు నేను అక్కడే నిలబడి ఉన్నాను. దుమ్ము కప్పేసిన విమానంతో సహా బీరువా మీదివన్నీ గంపల్లో రద్దుతోపాటు వెళ్ళిపోతుంటే ఆపమని చెప్పలేదు.

ఓడలో ఏ అంకె ముక్క ఎక్కడ కూర్చుంటుందో ఈరోజు అడిగినా చెప్పగలను. విమానానికి నాన్న ఏ రంగు వేశాడో మాత్రం తెలియదు. అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను. అమ్మ చేట మీద చెయ్యి ఆపి నాకేసి చూసింది.

"నువ్వు చూడలేదా?" అంది.