చివరిదాకా చదవని టికెట్

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దున ఏడింటికి, కిచెన్ కౌంటర్ మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన కాఫీ పెట్టుకుని కూర్చున్న అరగంటలో అది ఇంకాస్త ఎక్కువ. ఆ అరగంట నేను నా ఉద్యోగంతో ఏ సంబంధమూ లేని ఇంకో ఉద్యోగం చేసేదాన్ని. ఎవరూ చెయ్యమనలేదు, మానమనీ అనలేదు.

ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉండేది. సైంటిస్టులూ, యూనివర్సిటీ పిల్లలూ, నాలాంటి పిచ్చివాళ్ళు కొందరూ వాడేవారు. ఆ భాషలో ఎవరో ఒకరు ఏదో పనికి కోడ్ రాసి అందరికీ ఊరికే ఇచ్చేస్తారు. దాన్ని లైబ్రరీ అంటారు. అలాంటి లైబ్రరీలను వెతికి తెచ్చి, మీ కంప్యూటర్‌లో సరైన చోట పెట్టి, అక్కర్లేనివి ఊడ్చేసే ప్రోగ్రామే ప్యాకేజ్ మేనేజర్. అరిజోనాలోని చాండ్లర్‌లో మా అపార్ట్‌మెంట్లలో ఒకావిడ ఇడ్లీ పిండి రుబ్బితే నాలుగిళ్ళకు డబ్బాల్లో వెళ్ళేది. పిండి రుబ్బినావిడను అందరూ మెచ్చుకునేవారు. డబ్బా మోసుకొచ్చిన మనిషి మాత్రం అది ఒలికిన రోజే గుర్తొచ్చేది. నాది డబ్బాలు మోసే పని.

నాకంటే ముందు దాన్ని చూసుకున్నాయన ఓరెగాన్‌లో ఉండేవాడు. ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. వరసగా నాలుగైదు తప్పులు సరిచేసి పంపాను, అంతే. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మాకు కవలలు పుట్టారు, ఇకమీదట నువ్వే చూసుకో అని రెండు వాక్యాలు, కింద పాస్‌వర్డ్. నేను పనిచేసే చిప్ ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళకు తలుపు తెరుచుకునే బ్యాడ్జ్ ఇవ్వాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి. కొన్ని వేల కంప్యూటర్లలో ఫైళ్ళు పెట్టి తీసే ప్రోగ్రాము మాత్రం ఒక్క మెయిల్‌తో నా చేతికొచ్చేసింది. నేను గర్వపడ్డాను. భయపడాల్సిందని తర్వాత తెలిసింది.

వాడేవాళ్ళకు ఇబ్బంది వస్తే ఒక పేజీలో రాస్తారు. దాన్ని టికెట్ అంటాం. కాఫీ చల్లారేలోపు తెరిచి ఉన్న టికెట్ ఒక్కటీ మిగలకూడదు. ఇది నాకు నేను పెట్టుకున్న పందెం. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఇవాళ ఎవరు గెలిచారు, నువ్వా కాఫీయా?" అని అడిగేవాడు. చాలా రోజులు నేనే గెలిచేదాన్ని. ఎలా గెలిచేదాన్నో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"డియర్ సర్, హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ గుడ్ హెల్త్" అని మొదలైన టికెట్ కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. నన్ను సర్ అన్నందుకు కాదు, అది అలవాటైపోయింది. ఆ ఇంగ్లిష్ మనది. క్షమాపణలతో మొదలై, మధ్యలో కాలేజీ పేరు, గైడ్ పేరు చెప్పి, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అని దండం పెట్టే ఇంగ్లిష్. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ అలాగే రాసేదాన్ని. మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ నా మెయిల్ ఒకటి మీటింగ్‌లో పైకి చదివి నవ్వాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి పట్టుబట్టి ఆ వాక్యాలన్నీ వదిలించుకున్నాను. వేరేవాళ్ళ చేతిలో అవి మళ్ళీ కనిపిస్తే, పాత ఫోటోలో నూనె కారే జడతో ఉన్న నన్ను నలుగురికీ చూపించినట్టు ఉండేది. అందుకని అలాంటి టికెట్లను రెండు లైన్లు చూసి, మాకు ఆ తప్పు కనిపించలేదు, దయచేసి మాన్యువల్ చదవండి అని ముందే రాసిపెట్టుకున్న జవాబు అంటించి మూసేసేదాన్ని.

2009 ఏప్రిల్‌లో ఒక పొద్దున అలాంటిదే ఒకటి మూసేశాను. వెంటనే జవాబు వచ్చింది. మీ విలువైన సమయానికి ధన్యవాదాలు సర్, అని. చూశావా, చిన్న విషయమే అనుకుని కాఫీ తాగేశాను.

వారం దాటాక మిషిగన్ నుంచి ఒకాయన టికెట్ పెట్టాడు. పలకరింపు లేదు, మర్యాద లేదు. "నీ క్లీన్ కమాండ్ నా ఫోల్డర్ మింగేసింది. పేరులో ఖాళీ ఉంటే చాలు. ఇంత చెత్త కోడ్ నేనెక్కడా చూడలేదు." నేను నిటారుగా కూర్చున్నాను. పది నిమిషాల్లో ఆ తప్పు నా కంప్యూటర్‌లోనే కనిపించింది. అక్కర్లేని లైబ్రరీలను ఊడ్చే ఆ కమాండ్‌ను అంతకు నెల ముందు నేనే వేగంగా చేశాను. ఫోల్డర్ పేరు రెండు మాటలైతే, నా ప్రోగ్రాము మొదటి మాట దగ్గరే ఆగి, ఆ ఒక్క మాట పేరుతో పక్కన ఏదైనా ఫోల్డర్ ఉంటే దాన్ని ఊడ్చేస్తోంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళదు. ఆఫీసుకు లేటవుతుందని మెసేజ్ పెట్టి, ఆ వెర్షన్‌ను వెనక్కి తీసేసి, సరిచేసింది పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ డియర్ సర్ టికెట్ హెడ్డింగ్‌లో కూడా క్లీన్ అనే మాట చూసినట్టు.

తెరిచి చదివాను. ఈసారి చివరిదాకా చదివాను. ఆరోగ్యం, క్షమాపణలు, కాలేజీ, గైడ్, ఏ వెర్షన్, ఏ విండోస్, ఏ కమాండ్, అన్నీ ఉన్నాయి. రాసింది ఒక అమ్మాయి. లైబ్రరీలను ఆమె "థీసిస్ లిబ్స్" అనే ఫోల్డర్‌లో పెట్టుకుంది. ఆఖరి వాక్యం ఇది: దాని పక్కన థీసిస్ అనే నా ఫోల్డర్ ఉండాలి సర్, అది ఇప్పుడు కనిపించడం లేదు.

 మర్యాదగా చెప్పినావిడకు మాన్యువల్ చదవమన్నాను. తిట్టినాయనకు గంటలో పని చేసిపెట్టాను.

మనవాళ్ళ మెయిళ్ళ కింద ఇంటి అడ్రస్‌తో సహా అన్నీ ఉంటాయి. ఫోన్ నంబరూ ఉంది. చేశాను. మా అరిజోనాలోనే, టూసాన్‌లో మాస్టర్స్ చేస్తున్న నల్గొండ అమ్మాయి. నేనెవరో చెప్పి, ఏం పోయిందో అడిగాను. ఎడారిలో లేచే దుమ్ము తుఫాన్ల మీద ఆమె థీసిస్. కిందటి వేసవి కొలతలన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. సెన్సర్ల మెమరీ కార్డులను చెరిపి మళ్ళీ వాడేశారు కాబట్టి ఇంకో కాపీ లేదు. మే మొదటి వారంలో ప్రొఫెసర్ల ముందు థీసిస్ డిఫెన్స్, జూన్‌లో ఉద్యోగంలో చేరాలి. కొలతలు లేకపోతే మళ్ళీ జూలైలో తుఫాన్లు లేచేదాకా ఆగాలి, స్టూడెంట్ వీసాకు ఆధారమైన ఐ-ట్వంటీ కాగితం పొడిగించుకోవాలి, ఆ ఉద్యోగం పోతుంది. గైడ్‌కు ఇంకా చెప్పలేదట. సోమవారం చెప్పడానికి మనసు గట్టి చేసుకుంటోంది.

నేను ఒక్కటే అడిగాను. "ఆ తర్వాత ఆ లాప్‌టాప్ ఎన్నిసార్లు ఆన్ చేశావమ్మా?"

"ఒక్కసారి గూడ చెయ్యలే మేడమ్. దాన్ని చూస్తేనే ఏడుపొస్తుంది. సూట్‌కేస్‌ల పెట్టి జిప్ వేసిన. ల్యాబ్‌ల సిస్టం వాడుతున్న."

నాకు ఊపిరి ఆడింది. చెరిపేసిన ఫైలు వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటుంది, అంతే. ఆ చోట ఇంకేదైనా రాసేదాకా అది అక్కడే పడి ఉంటుంది. వాడినకొద్దీ ఆశ తగ్గిపోతుంది. వాడకుండా సూట్‌కేసులో పెట్టినామె కంటే తెలివిగా ఏ ఇంజనీరూ చెయ్యలేడు. జిప్ తియ్యొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే ఒక ఖాళీ హార్డ్ డిస్కూ, ఫైళ్ళు వెనక్కి తీసే సీడీ పట్టుకుని ఐ-టెన్ హైవే ఎక్కాను. ఆ దారిలో దుమ్ము లేస్తే కారు పక్కకు తీసి లైట్లు ఆర్పమనే బోర్డులు ఉంటాయి. ఏళ్ళ తరబడి చూస్తున్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు ఒక్కో బోర్డూ నన్నే అంటున్నట్టు అనిపించింది.

నలుగురు అమ్మాయిలు ఉండే రెండు గదుల అపార్ట్‌మెంట్. గోడకు ఆనించిన పరుపులు, బియ్యం బస్తా, మడత టేబుల్. ఆమె సూట్‌కేసు తెచ్చి నా ముందే జిప్ తీసింది. సీడీ పెట్టి, డిస్క్ వెతకమని చెప్పాను. రెండు గంటలు పడుతుందని స్క్రీన్ మీద వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం. ఉప్మా పెట్టింది. నాకు దిగలేదు. మీరు ఇంత దూరం ఎందుకు వచ్చారు, నా వల్ల శ్రమ అని ఆమె మళ్ళీ క్షమాపణలు మొదలుపెట్టింది. మీరు బిజీగా ఉంటారు, ఫర్వాలేదక్కా అంది.

"ఫర్వాలేదనకు," అన్నాను. "నీ టికెట్ నేను చదవలేదు. మొదటి రెండు లైన్లు చూసి క్లోజ్ చేశాను. తప్పు నా ప్రోగ్రాంది, ఆ తర్వాత నాది. నీది ఏమీ లేదు."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. రూమ్మేట్ వెళ్ళి స్టవ్ తగ్గించింది. ఎదురుగా కూర్చున్న ఆమె ప్లేటు పక్కన పెట్టి నా వైపు చూసింది. మొదటిసారి గొంతు లేచింది.

"ఎనిమిది రోజుల సంది నేనే ఏదో తప్పు నొక్కిన అనుకుంటున్న. మీరు చదవమన్నరని మాన్యువల్ మూడుసార్లు చదివిన. అండ్ల ఏం లేదు. మీరు చదవకుండ, నన్ను చదవమంటరా అక్కా?"

  నిజం చెప్తున్నాను, ఆ మాట పడ్డాక నా మీద ఉన్న బరువు సగం దిగింది. మర్యాదగా క్షమించేసి ఉంటే ఆ బరువు ఇంటిదాకా మోసేదాన్ని. ఆమెకూ తేలికైనట్టుంది. ముక్కు తుడుచుకుని, ఉప్మా తినమని గట్టిగా చెప్పింది. తిన్నాను.

వెతకడం పూర్తయ్యేసరికి ఫైళ్ళు వచ్చాయి, కానీ పేర్లు రాలేదు. వాటి బదులు వట్టి అంకెలు. ఆ డిస్క్ మీద ఎప్పుడెప్పుడో చెరిపినవన్నీ కలిసి వేలల్లో ఉన్నాయి. అందులో ఏది ఏ రోజు కొలతో, ఏ సెన్సర్‌దో ఎలా తెలుస్తుంది? మామూలుగా మాలాంటివాళ్ళు కొలతల ఫైలులో అంకెలు తప్ప ఏమీ రాయరు, అంతా పేరులోనే పెడతాం. నా మొహం చూసి ఆమె ఒక ఫైలు తెరవమంది. తెరిచాను.

మొదటి ఐదు వరుసలు ఇంగ్లిష్ వాక్యాలు. తేదీ, ఊరు, సెన్సర్ నంబరు, ఎవరు చదివారు, ఆకాశం ఎలా ఉంది, ఏ గైడ్ దగ్గర, ఎవరి సహాయానికి కృతజ్ఞతలు. ప్రతి ఫైలూ అంతే. ఒక్క ఫైలు కూడా పలకరింపు లేకుండా మొదలవ్వలేదు. నేను రెండు లైన్లకే మూసేసిన ఆ అలవాటే ఇప్పుడు అన్నిటికీ పేర్లు చెప్తోంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు చెప్పేసరికి నా కళ్ళ నీళ్ళొచ్చాయి. మొదటి వరుసలు చదివి ఫైళ్ళకు మళ్ళీ పేర్లు పెట్టే చిన్న ప్రోగ్రాము అక్కడే కూర్చుని రాశాను. ఆమె ఆగస్టు ఫైళ్ళలోకి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద తుఫాను వచ్చిన రోజును వెతికింది. ఉంది. మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటిదాకా, ఒక్క నిమిషం కూడా పోకుండా ఉంది. రూమ్మేట్లందరూ వచ్చి ఆ అంకెలు చూశారు. వాళ్ళకేం అర్థమైందో తెలియదు కానీ అందరూ ఒకరినొకరు పట్టుకున్నారు. నన్ను కూడా.

వచ్చేటప్పుడు మధ్యలో రెస్ట్ ఏరియాలో కారు ఆపి, సీటు వెనక్కి వాల్చి పావుగంట ఊరికే పడుకున్నాను. అంత హాయి నాకు గ్రీన్ కార్డు వచ్చిన రోజున కూడా లేదు.

ఆ వారమే జరిగింది జరిగినట్టు ఆ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ళ మెయిలింగ్ లిస్టులో రాశాను. ఈ పని ఒక్కదాన్నే చెయ్యలేనని కూడా రాశాను. ఇద్దరు ముందుకొచ్చారు, అందులో ఒకాయన ఆ మిషిగన్ మనిషే. మా ముగ్గురిలో ఇంకొకరు కూడా చదివితే తప్ప ఏ టికెట్టూ మూయకూడదని పెట్టుకున్నాం. క్లీన్ కమాండ్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌ను ఊడుస్తుందో పేరంతా చూపించి, అవునా అని అడుగుతుంది. అడిగితే విసుగ్గా ఉందని కొందరు తిట్టారు. తిట్టనిమ్మన్నాను.

మే నెలలో ఒక పొద్దున కొత్త టికెట్ వచ్చింది. డియర్ మేడమ్, హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ గుడ్ హెల్త్. నేను కాఫీ కప్పు పక్కన పెట్టాను. క్షమాపణలు, యూనివర్సిటీ, గైడ్, వెర్షన్ అన్నీ వరసగా చదివాను. మాన్యువల్‌లో ఒక పేజీలో కమాండ్ తప్పుగా పడిందట, నిజమే, పడింది. ఇంకా కిందికి వెళ్ళాను. ఆఖరి వాక్యంలో, నిన్న డిఫెన్స్ అయిపోయింది మేడమ్, పాసయ్యాను, జూన్‌లో చేరుతున్నాను అని ఉంది. ఆ టికెట్‌కు జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. నేను ఆరోగ్యంగా ఉన్నాను, నువ్వూ ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టి, తీరిగ్గా రాశాను.

మా ఆయన వచ్చి, "ఇవాళ ఎవరు గెలిచారు?" అన్నాడు.

కప్పు ముట్టుకుని చూశాను. "కాఫీయే," అన్నాను.