పిన్నికి, రెండో నంబరు మోటారుకి కలిపి ఒక ఫొటో

మా బాబాయ్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ముప్ఫై ఏళ్లుగా అదే పని. "ఊపిరి బిగబట్టండి... కదలకండి... ఆఁ, వదలండి." ఇంట్లో చుట్టాల ఫొటో తీసినా ఇదే పాట. అందుకే మా ఆల్బమ్‌లో అందరూ బుగ్గలు పూరించుకుని, నీళ్లలో మునిగినవాళ్లలా ఉంటారు.

ఆసుపత్రిలో కంప్యూటర్లు వచ్చాక, ఇక పనికిరాదని మూలన పడేసిన ఎక్స్‌రే ఫిల్ము డబ్బాని అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఫిల్ముని ముక్కలుగా కోసి తన పెద్ద చెక్క కెమెరాలో వాడతాడు. అది స్టాండు మీద కూర్చోబెట్టి, వెనక నల్లగుడ్డ కప్పుకుని చూసే రకం. ఫొటోకో ఫిల్ము. డబ్బాలో సగం మా ఇంటి కిటికీకే పోయింది. అదేంటంటే "టెస్టింగ్" అంటాడు. ఆ కిటికీకి అన్ని ఫొటోలున్నాయా, మా పిన్నికి మాత్రం ఆయన తీసింది ఒక్కటీ లేదు!

పిన్ని నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు. ఇరవై ఆరేళ్లుగా రెండో నంబరు మోటారు ఆవిడదే. "దాని పక్కన నాకో ఫొటో తీయండి" అని ఆవిడ అడగడం నేను స్కూల్లో ఉన్నప్పటినుంచీ వింటున్నా. "వెలుగు బాలేదోయ్" అని ఈయన. ఇప్పుడేమో సోమవారం ఆ మోటారు తుక్కుకి పోతోంది. ఈయన దగ్గర రెండే రెండు ఫిల్ములు మిగిలాయి.

అందుకే మా ఫిల్ము కెమెరాల గ్రూపు ట్రిప్పు ఆదివారం అక్కడికే పెట్టించాను. పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా పర్మిషన్. ఒక్క ఫొటోకి మూడు గంటలు చాలవా అనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

తొమ్మిదింబావుకి పిన్ని ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని మోటారు పక్కన నిలబడింది. పది దాకా బాబాయ్ స్టాండు కాళ్లు సరిచేశాడు. పదిన్నర దాకా నల్లగుడ్డలోంచి బయటికి రాలేదు. పక్కన మా గ్రూపులోని పళ్ల డాక్టరుగారు మెడలో నలుచదరపు కెమెరా వేలాడేసుకుని, "కొంచెం ఎడమకి జరిపితే బావుంటుందేమో" అన్నారు. బాబాయ్ జరిపాడు. "ఉహూఁ, ఇందాకే బావుంది." ఆయన తన కెమెరాతో అప్పటికి ఒక్క ఫొటో తీస్తే ఒట్టు. ఇక బ్యాంకు మేనేజరుగారు. ఆయన వెలుగు కొలిచే మీటరు పట్టుకుని గోడ కొలిచారు, మోటారు కొలిచారు, చివరికి పిన్ని ముక్కు దగ్గర పెట్టారు.

"ఏమండీ, నాకేమైనా జ్వరమా?" అంది పిన్ని.

"లెన్సు నాలుగు సెకన్లు తెరిచి ఉంచాలి" అని తేల్చారాయన.

"మూడు చాలు" అన్నారు డాక్టరుగారు. దీని మీద ఇరవై నిమిషాలు. నాకైతే ఇద్దరి కెమెరాలూ కాలవలో పడేద్దామనిపించింది.

పదకొండు నలభైకి బాబాయ్ ఫిల్ము ఉన్న చట్రాన్ని కెమెరాలోకి తోశాడు. ఆ పాత కెమెరాకి మీట లేదు. లెన్సు మీది మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. దానికి ముందు, వెలుగు తగలకుండా ఫిల్ముకి అడ్డంగా ఉండే నల్ల పలకని పైకి లాగేయాలి.

"ఊపిరి బిగబట్టు... కదలకు." మూత తీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అందరం చప్పట్లు కొట్టాం. బాబాయ్ పలక తిరిగి పెడదామని చొక్కా జేబు చూసుకున్నాడు. ప్యాంటు జేబు చూసుకున్నాడు. నేల మీద వెతికాడు.

"బాబాయ్, అది కెమెరాలోనే ఉంది. నువ్వసలు తీయలేదు" అన్నాను.

డాక్టరుగారు, "అయితే మంచిదేగా! ఫిల్ముకి ఏమీ కాలేదన్నమాట" అన్నారు.

"అవును కదా!" అని బాబాయ్ వెలిగిపోతున్న మొహంతో పలకని సర్రున పైకి లాగి మాకు చూపించాడు. "ఇదిగో!"

లెన్సు మూత ఆయన ఎడం చేతిలోనే ఉంది. పంపుహౌసు వెలుగంతా ఫిల్ము మీద పడింది. ఒకటి గోవిందా.

"నేను పోతున్నాను" అంది పిన్ని. "ఇన్నేళ్లూ వెలుగు బాలేదన్నారు. ఇవాళ వెలుగు బాగుంది, మీరు బాలేరు."

గేటు దగ్గర వాచ్‌మన్ తాళాలు ఆడిస్తున్నాడు. పదకొండు యాభై రెండు. బాబాయ్ పలక పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాపం అనాలి, కానీ నాకు పాపం అనిపించలేదు. పిన్నికే అనిపించినట్టుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, మోటారు పక్కన నిలబడి వాల్వు చక్రం మీద చెయ్యేసింది.

"అందరూ వెనక్కి జరగండి. మీటరు లోపల పెట్టండి. ఏవండీ, నేనడుగుతాను, మీరు చెప్పండి. కొత్త ఆపరేటర్లతో మేం ఇలాగే చేయిస్తాం. మూత?"

"పెట్టాను."

"చెయ్యి పెట్టి చూసి చెప్పండి."

"...ఉంది."

"చట్రం?"

"తోశాను. రెండో ఫిల్ము."

"పలక?"

"తీశాను. చేతిలో ఉంది."

"ఇప్పుడు మూత తీయండి. అంకెలు నేను లెక్కపెడతా, మీ లెక్క వద్దు."

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఆవిడే లెక్కపెట్టింది. మూత పడింది, పలక దిగింది. వాచ్‌మన్ తలుపు మూశాడు.

ఆ మధ్యాహ్నమే బాబాయ్ స్నానాలగదిలో ఎర్రబల్బు వేసి ఫిల్ము కడిగి, ఫొటో అచ్చు తీశాడు. మోటారు బోల్టులు లెక్కపెట్టుకోవచ్చు. చక్రం మీద పిన్ని వేళ్లు, చొక్కా గుండీలు, కళ్లు, అన్నీ స్పష్టం. పెదాలు మాత్రం అలికేసినట్టు మసక. ఆవిడ గట్టిగా లెక్కపెట్టింది మరి! మాలో ఒక్కరికీ తట్టలేదు!

"పాడైపోయింది. పెదాలు కదిలాయి" అని బాబాయ్ బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. నేను తల పట్టుకున్నాను.

పిన్ని తడి ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. "ఆ మోటారు మోతలో ఇరవై ఆరేళ్లు అరుస్తూనే పనిచేశాను. నోరు మూసుకుని ఉంటే అక్కడ నన్నెవరు గుర్తుపడతారు?" అంది.

బాబాయ్ తలెత్తాడు.

"మా షిఫ్టులో నలుగురున్నారు. నాలుగు కాపీలు తీయండి" అని ఫొటో ఆయన చేతికిచ్చింది. "టెస్టింగులు లేకుండా. ఇవాళే."