డ్రమ్ముల బర్రెకు ఇంకో దూడ

కాశిబుగ్గలో మా పక్కింటి శ్రావణి ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పాత ఆయిల్ డ్రమ్ములతో రెండంతస్తుల ఎత్తు బర్రెను చేసి హనుమకొండలో ఒక మైదానంలో నిలబెట్టిందంటే, ఈ సాయంత్రం చూడటానికి వెళ్లాను. బర్రె పొదుగు నుంచి నల్లటి పైపులు వేలాడుతున్నాయి. వాటిని ట్యాంకుల్లో పెట్టుకుని, పాలు తాగే దూడల్లా ఒక ఆటో, ఒక బైకు, ఒక ట్రాక్టరు నిలబడ్డాయి. పెట్రోలు లేనిదే మనకు పూట గడవదని చెప్పడమే ఆ పిల్ల ఉద్దేశం.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని వస్తున్న ఒక పెద్దాయన దాని చుట్టూ తిరిగి చూసి, శ్రావణిని పిలిచాడు.

"బర్రె మంచిగున్నది బిడ్డా. గని ఎన్కనుంచి ఆ డుబడుబ సప్పుడేంది?"

"జనరేటర్ పెద్దనాయినా. లైట్ల కోసం పెట్టినం."

"అది దేంతోని నడుస్తాంది?"

శ్రావణి "డీజిల్‌తోని" అంది.

"మరి దాన్నెందుకు దాసిపెట్టినవ్? అది గూడ దూడనే గద."

శ్రావణి మొహం చిన్నబోయింది. నెల రోజుల కష్టం ఒక్క మాటతో పోయిందనుకున్నాను. ఆమె మాత్రం కాసేపటికే నవ్వేసి, జనరేటర్ ఆపించి, దోస్తులతో కలిసి దాన్ని ముందుకు తోసుకొచ్చింది. పెద్దాయనే ఒక పైపు అందుకుని దానికి కట్టాడు. లైట్లు లేకున్నా జనం మునుపటికంటే ఎక్కువసేపు నిలబడి చూశారు.

నేను మాత్రం తిరిగొస్తూ బంకులో స్కూటీకి పెట్రోలు కొట్టించుకునేటప్పుడు ట్యాంకులో పెట్టిన పైపు వంక చూడలేకపోయాను. మీరూ వెళ్లి చూస్తే, దేని మీద వెళ్లారో కింద కామెంట్లో నిజం రాయండి.