హెలికాప్టర్‌కు ఢీల్ ఇచ్చినవాడు

నా పేరు ఉమాకాంత్. అశోక్‌నగర్‌లో ఈ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. పతంగుల ఉమాకాంత్ అంటే మాత్రం ఒకప్పుడు చిక్కడపల్లి చౌరస్తా దాకా తెలిసేది. ఇప్పుడు ఆ పేరు నా భార్య విద్యావతి ఒక్కతే వాడుతుంది, అదీ నేను గ్యాస్ బుక్ చేయడం మరిచిపోయిన రోజున.

నారాయణగూడలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు అటెండరుగా చేశాను. పొద్దున అయస్కాంతాలూ లోలకాలూ తీసి పిల్లలకు ఇవ్వడం, సాయంత్రం మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేయడం నా పని. ఆ లెక్కన ఫిజిక్స్ నాకు వచ్చేసిందనుకున్నాను. తాళంచెవి మొలకు ఉన్నవాడికి బీరువాలో ఉన్నదంతా తనకు తెలిసినట్టే ఉంటుంది.

నాకు నిజంగా వచ్చిన విద్య పతంగులు ఎగరేయడం. ఎదురు డాబా సూర్యప్రకాశరావు గారి పతంగులు ఎన్ని తెగ్గొట్టానో ఆయనకూ గుర్తుండదు. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి. వాళ్ళ నాన్నగారి కాలంలో తెనాలి నుంచి వచ్చి మా గల్లీలోనే స్థిరపడ్డారు. పతంగుల విషయంలో నా సూత్రం ఒక్కటే. ఎదుటివాడి పతంగి మీదికొస్తుంటే కిందికి దిగకూడదు, దిగినవాడు ఓడినట్టే. ఇంకా పైకెక్కాలి, దాని మీదికి చేరాక దారం వదులుతూ ఢీల్ ఇవ్వాలి. అది తెగగానే గల్లీ అదిరేలా "అఫా" అని అరవాలి. ఈ ముక్కను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నలభై ఏళ్ళు చెప్పాను.

రిటైరైన ఏడాదే కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తండి అని డాక్టరు అంటే చెవి దాకా కూడా లేవలేదు. పతంగులు బందు అన్నాడు. మూడు నెలలు ఆకాశం వైపు చూడబుద్ధి కాలేదు. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఒకరోజు డాబా మీద ఏడ్చాను. ఆ తర్వాత ఒకరు వాడి వదిలేసిన చిన్న డ్రోన్ కొన్నాను. దానికి భుజంతో పని లేదు, రెండు బొటనవేళ్ళు చాలు. రిమోట్‌లో ఎడమవైపు పుల్లను పైకి తోస్తే ఎక్కుతుంది, కిందికి లాగితే దిగుతుంది. అది చూసేదంతా రిమోట్‌కు తగిలించిన ఫోన్‌లో కనిపిస్తుంది, వీడియోగా అందులోనే ఉండిపోతుంది. విద్యావతికి చెప్పకుండా పతంగుల పెట్టెలో దారం చుట్టే పాత చరక్ కింద దాచాను.

తెలిసింది అనుదీప్‌కు ఒక్కడికే. మా డాబా మీది ఒంటి గదిలో కిరాయికుంటాడు, జగిత్యాల వైపు పిల్లవాడు. అశోక్‌నగర్‌లో ఏ గది తలుపు తట్టినా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళే బయటికి వస్తారు, ఇతనూ అంతే. ఆరేళ్ళు చదివాడు. రెండుసార్లు పరీక్ష వాయిదా పడింది, ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. ఈసారి గ్రూప్-2లో వచ్చింది. ఇక పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఆ ఫారంలో మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఉంది అని రాయాల్సి వస్తే ఆరేళ్ళూ బూడిదలో పోసినట్టే.

"అంకుల్, ఇది ఇక్కడ ఎగరెయ్యొద్దు. బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర్నే ఉంది కద," అన్నాడు మొదటిరోజే.

"ఇది బొమ్మ బిడ్డా. పతంగంత గూడ లేదు," అన్నాను. ఫిజిక్స్ నాకు తెలుసు కదా.

నిమజ్జనం రోజు వచ్చింది. ఆ రోజు డ్రోన్లు ఎగరేయొద్దని పోలీసులు పేపర్లో ప్రకటన ఇచ్చారు. చదివాను. అది పెళ్ళి ఫొటోగ్రాఫర్ల కోసం అనుకున్నాను. కవాడిగూడ మీదుగా పోయే వినాయకుల వరస పైనుంచి ఎలా ఉంటుందో చూడాలనిపించి, పొద్దున్నే బనియనూ లుంగీతో డాబా ఎక్కాను. అనుదీప్ లైబ్రరీకి పోయాడు. డ్రోన్‌ను కొబ్బరిచెట్టుకు రెండింతలు ఎత్తు లేపాను. భుజం బాగైపోయినట్టనిపించింది.

అప్పుడు లోయర్ ట్యాంక్‌బండ్ వైపు నుంచి బందోబస్తు చూసే హెలికాప్టర్ వచ్చింది. ఎంత కిందుగా అంటే, తీగ మీది విద్యావతి చీర ఒకటి క్లిప్పుతో సహా లేచిపోయింది. డ్రోన్ దించాలని బుద్ధి చెప్పింది. అబద్ధం, బుద్ధి ఆ మాట చాలా తర్వాత చెప్పింది. అప్పుడు పని చేసింది బొటనవేలు. ఎదుటిది మీదికొస్తోంది, దిగితే ఓడినట్టే. ఎడమ పుల్లను పైకి తోసేశాను.

ఫోన్‌లో ముందు ఆకాశం, ఆ వెంటనే ఒక అద్దం, అద్దం వెనక నల్ల కళ్ళద్దాల మనిషి. ఆయన తల నా వైపు తిరిగింది. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హెలికాప్టర్ పక్కకు ఒరిగింది, ఒరిగి మళ్ళీ నిలదొక్కుకుని వెళ్ళిపోయింది. దాని గాలికి డ్రోన్ గిరగిరా తిరిగి అనుదీప్ గది రేకుల మీద పడింది. భయంతో నోట్లోంచి "దేవుడా" అన్న మాట వచ్చిందని నాకు బాగా గుర్తు. కాసేపయ్యాక కర్రతో డ్రోన్‌ను దించి పెట్టెలో పడేశాను.

మూడో రోజు ఆ డ్రోన్ ఎవరిదని వెతుక్కుంటూ ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. సూర్యప్రకాశరావు గారు చూసింది చూసినట్టే చెప్పారు.

"ఏదో ఎగిరే బొమ్మ ఆ పైగది రేకుల మీద పడటం చూశానండీ. ఎవరు ఎగరేశారో చూడలేదు. గదిలో ఒక కుర్రాడు ఉంటున్నాడు."

పాల ప్యాకెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడిన నన్ను వాళ్ళు అనుమానించలేదు. బట్టతల మనిషి డ్రోన్ ఎగరేస్తాడని ఎవరనుకుంటారు?

"పైన రూంల ఎవరుంటరు పెద్దాయన?"

"అనుదీప్," అన్నాను. అంతవరకే చెప్పాను.

అనుదీప్ కిందికొచ్చి "నాది కాదు సార్" అన్నాడు. మరి ఎవరిదంటే నా వైపు ఒక్కసారి చూసి, తెలియదన్నాడు. ఫోన్ తీసుకున్నారు, మర్నాడు పదింటికి స్టేషనుకు రమ్మన్నారు. వాళ్ళు పోయాక కూడా ఆ పిల్లవాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. విద్యావతి ఇన్నేళ్ళుగా పెట్టిన అన్నమే వాడి నోరు కట్టేసిందని నాకు అర్థమైంది. ఆ సాయంత్రమంతా నేను నాకు నచ్చజెప్పుకున్నాను. వాడి దగ్గర డ్రోన్ దొరకదు, వదిలేస్తారు, మధ్యలో నేను పోతే ఇంకా గందరగోళం అవుతుంది. పిరికివాడికి కారణాలు కొదవ ఉండవు.

మర్నాడు పదిన్నరకు విద్యావతి డబ్బాలో ఉప్మా సర్దుతోంది.

"పిల్లగాడు రాత్రి తినలే, పొద్దున తినలే, గట్లనే పోయిండు. నౌకరి చేతికొచ్చే టైంల ఇదేం పరేషాని. ఎగరేసినోడు మంచిగ ఇంట్ల కూసొని చాయ్ తాగుతుండొచ్చు."

నేను ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి, పెట్టె తెరిచి, చరక్ కింది నుంచి డ్రోన్ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను.

"చెప్పులు ఏసుకోండ్రి," అంది. గుమ్మం దాకా వచ్చి డబ్బా చేతికిచ్చింది. "ఇది వానికియ్యుండ్రి. మీరు తినకుండ్రి."

స్టేషన్‌లో డ్రోన్‌ను బల్ల మీద పెట్టాను. ఎస్సై రత్నమాల గారు నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని నమ్మలేదు.

"మీ కిరాయి పిల్లగాడు అని కాపాడుతున్నరా పెద్దాయన? ఇది ఎట్ల లేస్తదో తెలుసా మీకు?"

నా జీవితంలో నన్ను ఎదుటివాళ్ళు తెలివితక్కువవాడని అనుకోవడం వల్ల లాభం వచ్చే అవకాశం అదొక్కటే. వదులుకున్నాను. నా ఫోన్ తీసి ఆ రోజు వీడియో పెట్టాను. మొదట కనిపించింది నా బట్టతల. ఆ తర్వాత బనియను చిరుగు, తర్వాత ఎగ్గట్టిన లుంగీ. కానిస్టేబుల్ ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఎస్సై గారు నవ్వలేదు. బెంచీ మీద కూర్చున్న అనుదీప్‌కు ఫోన్ తిరిగి ఇప్పించారు.

"నీ పేరు తీసేస్తున్నం. పో తమ్మీ, మంచిగ జాయిన్ అవు."

పిల్లవాడు కళ్ళు తుడుచుకున్నాడు. నా గుండె మీది బండ దిగింది. ఇక చాలని వీడియో ఆపబోయాను.

"ఉండనియ్యుండ్రి," అన్నారావిడ.

ఫోన్ మన మాటలు కూడా పట్టుకుంటుందని నాకు తెలియదు. హెలికాప్టర్ మోత మొదలైంది. దాని మీద నా గొంతు. "ఎక్కు, ఎక్కు, మీదికెక్కు." అద్దం వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి వచ్చాడు, హెలికాప్టర్ ఒరిగింది. అప్పుడు వినిపించింది. దేవుడా కాదు. గల్లీ అదిరేలా, సంతోషంగా, "అఫా."

ఎస్సై గారు వీడియో ఆపారు.

"అఫా అంటే?" అన్నారు ఎస్సై గారు. ఆవిడది ఖమ్మం వైపట.

"పతంగి తెగ్గొట్టినప్పుడు అరుస్తం మేడం."

"అందుల ముగ్గురున్నరు పెద్దాయన. ఒకరికి మొన్ననే పాప పుట్టింది." ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టారు. "ఎవరిది తెగిందనుకున్నరు?"

ఆ చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషికి ఆ క్షణంలో ఎవరు గుర్తొచ్చి ఉంటారో నేను ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. అది తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

నా ముందు తెల్లకాగితం పెట్టారు. జరిగింది జరిగినట్టు నా చేతితోనే రాయమన్నారు. అనుదీప్ ఇంకా పోలేదు, ఉప్మా డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీదే ఉన్నాడు. భుజం నొప్పికి నేను నాలుగు మాటలకోసారి ఆగుతుంటే, కాగితం జరగకుండా వచ్చి పట్టుకున్నాడు. డ్రోన్ కొన్న రోజు నుంచి అంతా రాశాను. చివరకు ఆ మాట దగ్గరికి వచ్చి ఆగాను. ఎస్సై గారు చూస్తున్నారు.

"అది గూడ రాయుండ్రి," అన్నారు.

నలభై ఏళ్ళు డాబా మీద అరిచిన మాటను మొదటిసారి కాగితం మీద రాశాను. రెండక్షరాలే. రాయడానికి చాలాసేపు పట్టింది.