అటక మీది మూట

కొత్త చింతపండు వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. నిన్న తమిళనాడులోని మా ధర్మపురి సంతవీధిలో మూటలు దించుతుంటే ఆ పులుపు గుప్పున కొట్టింది. వెంటనే శారద టీచర్ గుర్తుకొచ్చారు.

ఆవిడ మాకు పదకొండో తరగతిలో ఫిజిక్స్ చెప్పేవారు. పాఠం తమిళంలో చెప్పినా, నాతో మాట్లాడేది మా ఇంటి తెలుగే. స్థితిశక్తి పాఠం రోజు బడి వెనక్కి తీసుకెళ్ళి, తడి బంకమట్టి మీద ఒక ఇటుకను మోకాలి ఎత్తునుంచి, తర్వాత తల ఎత్తునుంచి వదిలారు. రెండో గుంట బాగా లోతుగా పడింది. నావైపు తిరిగి, "నేను తొయ్యలేదు, ఇడిసినాను అంతే. మరి ఈ గుంత తవ్వినదెవరు?" అన్నారు. జవాబు ఆవిడే చెప్పారు. "ఎత్తేటప్పుడు నా చెయ్యి చేసిన పని దాంట్లోనే ఉండె. దిగేటప్పుడు అదే బయటికొచ్చె." పరీక్షకు పనికొస్తుందని రాసుకున్నాను.

మాది చింతపండు మండీ, పెత్తనం పెదనాన్నది. ఏటా మొదటి మూటకు పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి మూట అని అటకెక్కించి, సీజను అయ్యేదాకా దించకపోవడం మా ఇంటి ఆచారం. ఆ యేడు దాన్ని ఇంకా పైన, అటక అంచున కొత్తగా కొట్టించిన చెక్క మీద పెట్టమన్నాడు. మూటలు మోసే మునియమ్మ నిచ్చెన మీదనుంచే, "చెక్క ఊగతా ఉంది సామీ," అంది. "పెట్టు, అమ్మవారు చూసుకుంటాది," అన్నాడు. నేను అక్కడే వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ విన్నాను.

పది రోజులకు ఆ మూట పడి మునియమ్మ పాదం నలిగింది. పెదనాన్న అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "సుమ్మా ఊరికే ఉండే మూట ఎట్ల పడతాది? ఇది మైలతో లోపలికొచ్చింటాది." యాభై దాటిన మనిషిని, నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాడు. వైద్యం మాట ఎత్తలేదు సరికదా, మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు. అందరూ తలలూపారు. నేనూ నోరు మూసుకున్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదట. ఏం పెద్దరికమో అది.

ఊరంతా పాకిన ఆ మాట టీచర్ చెవిన కూడా పడింది. నాలుగో రోజు నన్ను ఆపారు.

"మూట సుమ్మా ఉండెనంట, నిజమా?"

"లేదు టీచర్. ఎత్తిన పని దాంట్లో ఉండె."

"అంత ఎత్తున పెట్టించిందెవరు?"

"పెదనాయన. చెక్క ఊగతా ఉందని మునియమ్మ ముందే చెప్పింది. నేను విన్నాను."

"సరే. ఇది చెప్పాల్సింది నాకా?"

ఆ సాయంత్రం మండీలో అందరి ముందు చెప్పాను. "చెక్క ఊగతా ఉందని ఆమె చెప్పింది పెదనాయనా. పెట్టమన్నది నువ్వే." పెదనాన్న చెయ్యెత్తాడు. నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిన టీచర్ని చూసి దించుకున్నాడు. ఆవిడ అరవలేదు. "ఆస్పత్రికి ఎప్పుడు పిలుచుకపోతారు?" అని మాత్రం అడిగారు.

మర్నాడు తీసుకెళ్ళారు. అప్పటికే చీము పట్టింది. మొదటి రోజే చూపించి ఉంటే పాదం దక్కేదని డాక్టరు అన్నారు. మునియమ్మ మళ్ళీ మూట ఎత్తలేదు.

టీచర్ మెచ్చుకుంటారని ఎదురుచూశాను. "చెప్పినావు. ఆలస్యంగా చెప్పినావు," అన్నారు. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఆయన మీద కోపం కూడా చల్లారింది. ఆ నాలుగు రోజులు నోరు మూసుకున్న పిల్ల మీద మాత్రం చల్లారలేదు.