ఇప్పచెట్టు కింద మోగిన నేల

ఖమ్మంలో నాది మోటార్లు వైండింగ్ చేసే కొట్టు. సెలవు రోజుల్లో మాత్రం మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని, ఎవరి ఉంగరం పోయినా, ఎవరి పట్టీ పోయినా వెతికిపెట్టడం నా సరదా. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది. మొన్న ఇప్పపువ్వు రాలే రోజుల్లో టేకులపల్లి అవతలి గూడెం నుంచి రాములు ఫోన్ చేశాడు. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడు ఆ మిషన్‌ని కొట్టులో చూసినవాడు. పువ్వు ఏరుతుండగా అతని భార్య సమ్మక్క మెడలోంచి పుట్టింటి పుస్తె జారిపోయిందట. పుస్తెలు రెండుంటాయి కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. ఆ పుట్టింటిది వాళ్లమ్మ ఏళ్ల తరబడి తునికాకు కోసి చేయించింది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె గుర్తుగా మిగిలింది ఆ చిన్న బంగారు బిళ్ల ఒక్కటే. "నిన్నటి సంది అన్నం ముడ్తలేదన్నా" అన్నాడు రాములు. నాకు సెలవు దాకా ఆగబుద్ధి కాలేదు. కొట్టు మూసి బయల్దేరాను.

ఇటు వచ్చేవాళ్లు ఖమ్మంలో తెల్లవారగానే ఇల్లందు బస్సు ఎక్కితే మంచిది, ఎండ ముదరకముందే చేరతారు. ఇల్లందులో ఇడ్లీ తిని కొత్తగూడెం వైపు వెళ్లే బస్సెక్కి టేకులపల్లిలో దిగాను. అక్కణ్ణుంచి గూడేనికి బస్సు లేదు. ఆటో రానూపోనూ నాలుగు వందలకు కుదిరింది. డ్రైవర్ కళ్లు నా సంచీ మీదే ఉన్నాయి.

"ఏంది సార్ గది? లంకెబిందెలు గిట్ల ఉన్నయా గాడ?"

"బిందెలు లెవ్వు తమ్మీ. ఒక చెల్లె పుస్తె పోయింది."

"గట్లనా. అయితే జల్దీ పోదాం. ఎంతసేపైనా ఉంట, వెయిటింగ్ పైసలేం వద్దు" అని గేరు మార్చాడు.

చెట్టు వాళ్ల చెలక, అంటే మెట్ట చేను, గట్టు మీదే ఉంది. సమ్మక్క మెడలో పుస్తె ఉండాల్సిన చోట పసుపుకొమ్ము వేలాడుతోంది. నన్ను చూడగానే కొంగు దగ్గరికి లాక్కుంది.

ప్రతి నేలలోనూ ఎంతో కొంత ఇనుము ఉంటుంది. "ఇది నేల రొద, దీన్ని లెక్కచేయకు" అని మిషన్‌కు ముందే నేర్పాలి. ఏ లోహమూ లేని చోట మిషన్ కొసనుండే గుండ్రటి కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ, మోత తగ్గేదాకా మీట తిప్పాలి. మా ముదిగొండ నల్లరేగడిలో పెట్టిన మీట పర్ణశాల ఇసుకలో కొంచెం జరిపితే సరిపోయింది. ఇక్కడిది ఎర్ర మొరం, మొండి నేల. ఆటో ఆగిన బాటమీదే సరిచేశాను. మిషన్ చక్కగా నోరు మూసుకుంది. మనకు తెలియని నేలా అనుకుంటూ చెట్టు కిందికి వెళ్లానో లేదో, ఎక్కడ పెట్టినా ఒకటే గోల. విసుగొచ్చి, ఇనుమును వదిలేయమని చెప్పే మీట నొక్కాను. గోల ఆగింది. మధ్యాహ్నం దాకా వెతికితే ఒక్క మోతా లేదు.

"తొవ్వల ఏడన్న జారిందేమో" అన్నాను రాములుతో మెల్లగా. సమ్మక్క విననే విన్నది.

"తొవ్వల పడలే అన్నా. చెట్టు కిందికి అచ్చినప్పుడు మెడలనే ఉంది. ఆకు కాల్చిన జాగ దాటి నేను ఏడికి పోలే."

ఆకు కాల్చిన జాగ. పువ్వు కనబడాలని ఏటా రాలిన ఆకుల్ని ఊడ్చి చెట్టు కిందే తగలబెడతారు. అట్లా ఎన్నేళ్ల మంట తిన్నదో ఆ మట్టి. జేబులోని అయస్కాంతాన్ని బాట మన్నులో దొర్లించాను, పలచగా ఇనుప నూగు పట్టింది. చెట్టు కింద దొర్లిస్తే గడ్డంలా పట్టుకుంది. కాలిన నేల తీరే వేరు, మంట తగిలేకొద్దీ మట్టిలోని ఇనుము అయస్కాంతానికి ఎక్కువగా అంటుతుంది, మిషన్‌లో ఎక్కువగా మోగుతుంది. నేను బాటకు పెట్టిన లెక్కతో చెట్టు కింద వెతికాను. పైగా ఇలాంటి నేలలో చిన్న బంగారం మోత ఇనుము మోతలో కలిసిపోతుంది. ఇనుము నోరు నొక్కి పుస్తె నోరూ నేనే నొక్కేశాను. నా తెలివికి సిగ్గేసింది.

ఇనుము మీట తీసేశాను. బూడిద పక్కకు నెట్టి, ఆ కాలిన నేలమీదే మళ్లీ సరిచేశాను. సెన్సిటివిటీని, అంటే మిషన్ మోతను పట్టే చురుకును, సగానికి దించి, నత్తనడకన కాయిల్ జరిపాను. మొదట గుట్కా రేకు వచ్చింది, తర్వాత విరిగిన కొడవలి ముక్క. చివరికి వేరు పక్కన సన్నని మోత. కాయిల్ అటు నుంచి తిప్పినా అదే, ఇటు నుంచి తిప్పినా అదే. రాములు వేళ్లతో మన్ను తీశాడు. బూడిద కొట్టుకుపోయిన బిళ్ల బయటపడింది. సమ్మక్క దాన్ని కళ్లకద్దుకుని, అక్కడే కూర్చుని తాడుకు గుచ్చుకుంది.

"అన్నం తినకుంట పోతే ఊకోను" అంది. పచ్చిపులుసు, ఎండుచేపల కూర. ఆమె కూడా మాతోపాటు కూర్చుని తిన్నది. ఆటో తమ్ముడు రెండోసారి పెట్టించుకున్నాడు.

అడవి అంచు నేల అంతా ఒకటే అనుకున్నాను కానీ, చెట్టు నీడలో ఒక నేల, బాటమీద ఒక నేల ఉంటాయని ఆ రోజు తెలిసింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మీరు వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: మిషన్‌ను బండి దిగిన చోట కాదు, వస్తువు పడ్డ చోటే సరిచేసుకోండి. నేలంతా మోగితే ఇనుము మీట జోలికి పోకుండా సెన్సిటివిటీ తగ్గించండి. నేను ఆటో ఎక్కుతుంటే సమ్మక్క గట్టు మీద నిలబడి వాళ్లక్కకు ఫోన్ చేస్తోంది.

"అక్కా, అమ్మ దొరికింది."